బండితల్లి నిద్ర

సోమవారం పొద్దున్నే బున్‌లేర్త్ జిగురన్నం పొట్లం పక్క సీటులో పెట్టుకుని బండి తాళం తిప్పాడు. వెనక రెండు బల్లలు వేసిన పాత పికప్ అది. కొండమీది ఊరి నుంచి ఇరవై ఇద్దరు పిల్లలను కిందనున్న బడికి చేర్చాలి. ఈ వారం అతనికి పరీక్ష. మూడుసార్లు ఆలస్యమైతే పిల్లల పని వినై అనే అతని వ్యానుకు ఇచ్చేస్తానని పెద్ద టీచరమ్మ రచనీ ముందే చెప్పింది. ఆ పని పోతే క్యాబేజీ బస్తాలు మోయడం తప్ప ఆ బండికి వేరే గతి లేదు.

తాళం తిప్పితే బండి 'టక్' అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

ఎక్కి కూర్చున్న పిల్లలంతా దిగి, వాలుదాకా తోశారు. వాలులో ఇంజను అందుకుంది. బడికి చేరేసరికి పావుగంట ఆలస్యం. రచనీ టీచరమ్మ గేటు దగ్గర నిలబడి ఒక వేలు చూపించింది.

ఈ సంగతి విని అత్తగారు కమ్‌పన్ దిగులుపడిందే కాని ఆశ్చర్యపోలేదు. ప్రతి బండిలోనూ ఒక తల్లి ఉంటుంది, ఆమె అలిగితే బండి కదలదు. శనివారమే ఆవిడ ముందు అద్దం కింద, పూలదండ పక్కన, తల్లికి ఎర్ర బల్బు పెట్టించింది. తాళం తీయగానే అది ఆరిపోతుంటే తల్లి చీకట్లో కూర్చోవాలా అని, సంతలో లైట్లు బిగించేవాణ్ణి పిలిచి తీగ నేరుగా బ్యాటరీకే కలిపించింది.

"ఒక్క దీపంతో సరిపెట్టాం అల్లుడూ, ఆవిడకి చిన్నతనంగా ఉండదూ?" అని మరో రెండు బల్బులు పెట్టించింది. ఎర్ర షర్బత్ సీసా మూత తీసి, తాగడానికి గొట్టం వేసి తల్లి ముందుంచింది. బడి పని నిలబడితే గొప్ప మొక్కు చెల్లిస్తానని కూడా మొక్కుకుంది. అదేమిటో ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం ఆ టక్ కూడా రాలేదు. అరగంట ఆలస్యం. టీచరమ్మ రెండు వేళ్ళు చూపించింది.

మధ్యాహ్నం మెకానిక్ తవీ వచ్చాడు. తల్లి లేని పిల్లవాడని చిన్నప్పుడు అతనికి అన్నం పెట్టి పెంచింది కమ్‌పనే. ఇంజను నడుస్తుండగా అతను బ్యాటరీకి మీటరు పెడితే పద్నాలుగు వోల్టులు చూపించింది. అంటే బ్యాటరీకి కరెంటు ఎక్కించే ఆల్టర్నేటర్ తన పని శుభ్రంగా చేస్తోంది. ఇంజను ఆపి చూశాడు. ఆపినా ఏదో కరెంటు తాగుతూనే ఉంది. దీపాల తీగ ఊడదీశాడు. తాగడం ఆగిపోయింది.

తల ఎత్తితే ఎదురుగా పీట మీద కమ్‌పన్, చేతులు జోడించుకుని ఉంది.

"దీపాలు ఆరిపోయాయేం నాయనా?"

తవీ గబగబా తీగ మళ్ళీ తగిలించాడు. "ఏం లేదు పెద్దమ్మా, ఆల్టర్నేటర్ కొంచెం అలిసిపోయినట్టుంది."

తరవాత బున్‌లేర్త్‌ను బండి వెనక్కి తీసుకెళ్ళి, సంగతి తెలుసా అని అడిగాడు. అనుమానం ఉందన్నాడు బున్‌లేర్త్.

"మరి నువ్వు చెప్పొచ్చుగా?"

"అల్లుణ్ణి, నేనెలా చెప్తానయ్యా? నువ్వే చెప్పు."

"ఆవిడ చేతి ముద్ద తిన్నవాణ్ణి. నేనెలా చెప్తాను?"

అందుకని ఇద్దరూ కలిసి, ఏ పాపమూ ఎరగని ఆల్టర్నేటర్‌ను విప్పి ఇంకోటి బిగించారు. బ్యాటరీని తవీ తన షాపుకు తీసుకెళ్ళి, రాత్రంతా చార్జింగ్ పెట్టి, తెల్లవారేసరికి తెచ్చి పెట్టాడు. బుధవారం బండి ఒక్క తిప్పుకే లేచింది. తోసే పని లేకపోయేసరికి పిల్లలు మొహాలు వేలాడేసుకుని బల్లల మీద కూర్చున్నారు.

తన మూడు దీపాల మహిమకు కమ్‌పన్ కళ్ళు చెమర్చాయి. సాయంత్రానికల్లా, గుడి తిరనాళ్ళలో కట్టే రంగు బల్బుల తోరణం తెచ్చి బండి లోపల చుట్టూ కట్టించింది. మొత్తం పద్నాలుగు. బున్‌లేర్త్ పరుగున వెళ్ళి తవీని పట్టుకొచ్చాడు.

తవీ తోరణాన్ని చాలాసేపు చూశాడు. చివరికి పెద్దమ్మ పక్కన గొంతుక్కూర్చుని, తనకు కలలో బండితల్లి కనపడిందని చెప్పాడు.

"ఏమంది నాయనా?"

"ఏమీ అనలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. పగలంతా పిల్లల్ని మోసి రాత్రి కాస్త నడుం వాలుద్దామంటే, మొహం మీద వెలుతురట. నిద్ర లేక పొద్దున లేవలేకపోతోందట."

కమ్‌పన్ నోటిమీద చెయ్యి వేసుకుంది. ఆ క్షణమే లేచి బల్బులన్నీ తనే తెంపింది. తెంపుతున్నంతసేపూ తల్లిని క్షమాపణ అడుగుతూనే ఉంది. గురువారం బండి లేచింది. బున్‌లేర్త్ బడి గేటు తీయకముందే చేరుకుని జిగురన్నం తీరిగ్గా తిన్నాడు.

శుక్రవారం ఆఖరి రోజు. తాళం తిప్పాడు. టక్.

వంగి చూశాడు. ఒక్క దీపమూ లేదు. పూలదండ పక్కన, దీపాల తీగకే తగిలించిన చిన్న ఫ్యాను ఒకటి, కొనప్రాణంతో తిరుగుతోంది.

"చీకటి సరే అల్లుడూ," అంది వెనక నుంచి అత్తగారు. "ఈ ఉక్కలో ఎవరికి నిద్ర పడుతుంది?"

బున్‌లేర్త్ స్టీరింగు మీద తల ఆనించేశాడు. అంతలో బండి ముందుకు కదిలింది. రెండు రోజులుగా తోయడానికి మొహం వాచి ఉన్న పిల్లలు, ఎందుకైనా మంచిదని ఆవేళ అరగంట ముందే వచ్చి వెనక వరసగా నిలబడి ఉన్నారు. తాళం తిప్పిన చప్పుడు వినగానే, ఎవరూ చెప్పకుండానే తోసేశారు. బెల్లుకు పది నిమిషాల ముందే బడికి చేరారు.

రచనీ టీచరమ్మ అతన్ని పక్కకు పిలిచింది. వినై వ్యాను బాగుంటుందా అని పిల్లలను అడిగిందట. దాన్ని తోయనివ్వరు, మాకొద్దన్నారట. పొద్దున్నే లేవమంటే ఏడ్చే పిల్లలు, తోయడానికి మంచి చోటు దొరకదని తమంతట తామే లేస్తున్నారని తల్లులూ చెప్పారట. పని బున్‌లేర్త్‌కే ఉంచింది.

ఆ కబురు విని కమ్‌పన్ శనివారం పొద్దున సంతకు వెళ్ళి మొక్కు తెచ్చింది. తల్లికి జోలపాటకని, రాత్రంతా పాడే రేడియో.

ఈసారి తవీ రాత్రిదాకా ఆగలేదు. మధ్యాహ్నమే ఒక కునుకు తీసి కల కనేశాడు.