కనాన్ సిటీలో రాళ్ల మంద

నగరం పెరగడానికి మనుషులు కావాలని మీకెవరు చెప్పారు? తప్పు! రాళ్లు చాలు!

నేను మదనపల్లెలో పిల్లలకు సోషల్ చెప్పి రిటైరయిన వాణ్ణి. పేరు ప్రేమానందం. నగరాలు నదుల పక్కన పుట్టాయని, పంట మిగిలితే సంత వచ్చిందని, సంత పెరిగి నగరమైందని ఏళ్ల తరబడి వల్లె వేయించాను. అదంతా పాత చింతకాయ పచ్చడి! ఇప్పుడు నగరానికి నది అక్కర్లేదు, పంట అసలే అక్కర్లేదు. ఒక చేను కొనాలి. చదును చేయాలి. తలకు పసుపు రంగు పూసిన హద్దురాళ్లు వరసగా నాటాలి. ముందర ఒక ఆర్చి కట్టాలి. అంతే, నగరం తయారు!

గుర్రంకొండ మీద కోట కట్టడానికి ఆ కాలపు రాజులు ఎంత చెమటోడ్చారో పాపం. మా మురళీధర్‌కు ఒక్క వారం చాలు. మురళీధర్ మా వైపు వెంచర్లు వేసే పెద్దమనిషి. కొనేవాళ్లను బట్టి పేరు పెట్టడంలో దిట్ట. పుంగనూరు రోడ్డు వెంచర్‌కు ఏడుకొండల్లో ఒక కొండ పేరు పెట్టాడు. మిషన్ ఆసుపత్రిలో, మిషన్ స్కూళ్లలో పనిచేసి దిగిపోయిన మాబోటి వాళ్ల కోసం వేసినదానికి ‘కనాన్ సిటీ’ అన్నాడు. బైబిల్లో దేవుడు తన ప్రజలకు ఇస్తానన్న వాగ్దాన దేశం! నేనూ నా భార్య దెబోరా ఆ పేరు చూసే పడిపోయాం.

కనాన్ సిటీలో ఇళ్లు కట్టుకున్నవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి. మిగతా ఓనర్లు బెంగళూరులో ఉంటారు. ఎప్పుడో ఒకసారి కారులో వచ్చి, తమ రాయి పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతారు. ఎంత హాయి! ట్రాఫిక్ లేదు, పొగ లేదు, పక్కింటి టీవీ గోల లేదు. ఇంత ప్రశాంతమైన నగరం లోకంలో ఇంకొకటి చూపించండి చూద్దాం!

అలాంటి నగరంలో పోయిన వేసవిలో ఒక పొద్దున లేచి చూద్దును కదా, గొర్రెలు! మా పక్క ఖాళీ ప్లాటులో నాలుగు మూలల రాళ్లకూ వల చుట్టి ఉంది. లోపల మంద, బయట కంబళి కప్పుకుని ఒక మనిషి. పేరు మునెయ్య, తంబళ్లపల్లె వైపు ఊరు. ఇక్కడ వేరుశనగ చేను ఉన్న రోజుల్లో ఏటా కోతలయ్యాక మందను తోలుకొచ్చి రాత్రిళ్లు చేలో కట్టేవాడట. ఎరువు చేనుకు, రైతు కొలిచిన రాగులు మునెయ్యకు. మధ్యలో రెండు మూడేళ్లు ఇటు రాలేదు, చేను అమ్ముడుపోయిన సంగతి తెలియక ఎప్పటిలాగే వచ్చేశాడు.

మరి రాళ్లు కనబడలేదా అని నిలదీశాను.

“కనబడె సార్. ఎవురో పుణ్యాత్ముడు మంద కట్టుకునేదానికే కొలతేసి నాటించినాడనుకుంటి. ఇన్నేండ్లూ వల కట్టే గూటాలు మోసుకోని తిరిగితిమి, ఈ తూరి ఆ బరువు తప్పె అని సంతోషపడితి,” అన్నాడు.

నవ్వకండి. ప్లాటు కొలత మందకు అచ్చంగా సరిపోయింది. ఆ రాళ్లు ఒక ప్రాణికి పనికి రావడం నేను చూసింది అదే మొదలు. అయినా నాగరికులం, ఊరుకుంటామా?

ఆ ఆదివారం చర్చిలో గొర్రెల కోసం ప్రాణమిచ్చే మంచి కాపరి మీద ప్రసంగం. ఎంత బాగా చెప్పారంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇంటికొచ్చి బిర్యానీ తిని, ప్లాట్ ఓనర్ల అసోసియేషన్ మీటింగ్ పెట్టి కాపరిని వెళ్లగొట్టాం. మునెయ్య బతిమాలాడు. ఇక్కడినుంచి సదుం దాకా తాను మంద కట్టే చేలన్నీ రాళ్లయిపోయాయట. మంద నిలిపే చోటు దొరక్కపోతే గొర్రెల్ని అమ్ముకోవడం తప్ప దారి లేదట. ఎవరూ ఇల్లు కట్టని ప్లాట్లలోనే వేసవి గడుపుకుంటాడట. అతని వైపు మాట్లాడింది దెబోరా ఒక్కతే.

“కనానులో ఉండినోళ్లంతా గొర్రెలోళ్లే గదప్పా. ఇప్పుడు వాళ్లనే రావద్దనేది యాల?” అని మురళీధర్‌ను అడిగింది.

మురళీధర్‌కు ఆ చరిత్ర తెలియదు. గొర్రెల వాసన వస్తే ప్లాటు రేటు పడిపోతుందని మాత్రం తెలుసు. రేటు అనే మాట చెవిన పడగానే అందరికీ జ్ఞానోదయమైంది. గేటు పెట్టాలి, వాచ్‌మన్‌ను పెట్టాలి అని చేతులెత్తి తీర్మానించాం.

ఇక్కడే నగరం గొప్పతనం చూడండి! ఒక చేత్తో తీసుకుంటే ఇంకో చేత్తో ఇస్తుంది. మందలో సగానికి పైగా సంతలో అమ్మేసిన మునెయ్యకే ఆ వాచ్‌మన్ ఉద్యోగం ఇచ్చాం. మిగిలిన గొర్రెల్ని ఊళ్లో అతని భార్య తాయమ్మ మేపుకుంటోంది. ఎండలో తిరిగిన మనిషికి ఖాకీ చొక్కా, విజిల్, ప్లాస్టిక్ కుర్చీ! పని కూడా కొత్తదేం కాదు, గొర్రెలు లోపలికి రాకుండా చూడటమే.

సాయంత్రమైతే మునెయ్య కుర్చీ వదిలేసి ప్లాట్ల మధ్య తిరుగుతాడు. ఒక్కొక్క రాయినీ చేత్తో తడుతూ లెక్క చూసుకుంటాడు. చేతికి మంద లెక్కపెట్టే పాత అలవాటు పోలేదు. మొన్న అలాగే తిరిగొచ్చి నా ముందు నిలబడ్డాడు.

“తెలీక అడగతాండా సార్. ఈ మంద ఎప్పుడు ఈనుతాది?”

రాళ్లు ఈనవని ఎవరన్నారు? కుప్పం నుంచి పుంగనూరు మీదుగా మదనపల్లెకు బస్సులో రండి, కిటికీ పక్కన కూర్చోండి. దారి పొడవునా ఈనుతూనే ఉన్నాయి! మునెయ్యకు అదే వివరించాను. మేత అడగవు, నీళ్లు అడగవు, రోగం రాదు. పోయిన వారం తంబళ్లపల్లె వైపు వెళితే గుట్ట కింద బీడులో కూడా కొత్త పిల్లలు కనబడ్డాయని, వాటి తలల మీద పసుపు ఇంకా ఆరలేదని హుషారుగా చెప్పుకుపోయాను.

“గుట్ట కిందనా సార్? ఆడే గదా తాయమ్మ మేపుతాండేది. మాకు మిగిలిండే బీడు అదొగటే.”

  వాగ్దాన దేశపు పౌరుణ్ణి, ధైర్యం చెప్పాలి కదా! దిగులు పడొద్దన్నాను. అక్కడా ఆర్చి కడతారు, అక్కడా గేటు పెడతారు, గేటుకు మనిషి కావాలి, ఆ ఉద్యోగం తాయమ్మకే వచ్చేలా మురళీధర్‌తో నేను మాట్లాడతానన్నాను.

 మునెయ్య మెడలోని విజిల్ తీసి నా చేతిలో పెట్టి బస్టాండు వైపు నడిచాడు.

అందుకే ఈ ప్రకటన. కనాన్ సిటీకి వాచ్‌మన్ కావలెను. గొర్రెలు అమ్ముకున్నవారికి ప్రాధాన్యం. ఎవరొస్తారని దెబోరా అంటోంది. మురళీధర్‌కు ఆ దిగులేం లేదు. మన చుట్టుపక్కల ఆ అర్హత ఉన్నవాళ్లు ఏటా పెరుగుతున్నారట!

అంతవరకూ గేటు దగ్గర కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. విజిల్ నా దగ్గరే ఉంది. ఊదుదామంటే ఒక్క గొర్రె కూడా రావడం లేదు.