చెయ్యెత్తిన పిల్లకు అవార్డెందుకు?

క్రీడాస్ఫూర్తి ఉన్నవాళ్ళకు క్రీడాస్ఫూర్తి అవార్డు ఇవ్వడమంత దండగమారి పని లోకంలో ఇంకోటి లేదు!

కోప్పడకండి. కడుపు నిండినవాణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ వడ్డిస్తామా? జ్వరం లేనివాడి నోట్లో మాత్ర కుక్కుతామా? మరి ఉన్నవాళ్ళకే మళ్ళీ ఇవ్వడం ఏం న్యాయం?

ఈ సత్యం నాకు పుట్టుకతో రాలేదు. క్రీడా సంఘం వారి అవార్డు కమిటీలో కూర్చున్నాకే బోధపడింది. పత్రికల తరఫున నన్నూ ఒక సభ్యుణ్ణి చేశారు. ఆటల గురించి నాకు ఓనమాలు కూడా రావని ముందే మనవి చేసుకున్నాను.

"అదే కదండీ మాకు కావాల్సింది! తెలిసినవాళ్ళొస్తే పక్షపాతం మొదలవుతుంది" అన్నారు అధ్యక్షులవారు. ఆయనది నీళ్ళ పైపుల వ్యాపారం.

కమిటీలో ఒక పళ్ళ డాక్టరు గారున్నారు. కప్పులూ మెడళ్ళూ అమ్మే దుకాణదారు ఒకరున్నారు. అవార్డు ఎవరికిచ్చినా ఆయనకు పేచీ లేదు, కప్పు మాత్రం పెద్దదై ఉండాలి. మిగతావాళ్ళు బిస్కెట్ల పళ్ళెం ఎటు తిరిగితే అటు తిరిగే పెద్దమనుషులు. బ్యాడ్మింటన్ కోర్టు పైగదిలో మా సమావేశం. కింద పిల్లలు ఆడుతున్న చప్పుడుకి మా చర్చ సాగడం లేదని కిటికీలు మూయించాం.

చర్చంటే ఆషామాషీ చర్చ కాదు! ఈ అవార్డు గెలిచినవాళ్ళకు కప్పుతో పాటు పెద్ద శిక్షణ శిబిరంలో ఏడాది పాటు నేరుగా చోటు దొరుకుతుంది. ఆ శిబిరంలో చేరితే ఆటలో బతుకు, చేరకపోతే ఇంట్లో బతుకు.

మొదట ఒక ఫుట్‌బాల్ కుర్రాడి పేరు వచ్చింది. దరిదాపుల్లో మనిషన్నవాడు లేకుండానే మోకాలు పట్టుకుని పడిపోయి, పెనాల్టీ సంపాదించి, గోలు కొట్టి, ఆట అయ్యాక ఆ గోల్‌కీపర్‌నే వెళ్ళి కౌగిలించుకున్నాడట. "ఆ కౌగిలింత చూస్తే నాకు ఏడుపు ఆగలేదండీ" అన్నారు పళ్ళ డాక్టరు గారు. ఇన్నేళ్ళూ ఆయన కుర్చీలో కూర్చున్నవాళ్ళే ఏడవడం మనం చూశాం!

తరవాత ఒక టెన్నిస్ వీరుడు. రాకెట్టు అంపైర్ కుర్చీ మీదికి విసిరి, మర్నాడు క్షమాపణ వీడియో పెట్టాడు. వెనకాల వయొలిన్ కూడా ఉంది. తప్పు చేసినవాడికే కదా పశ్చాత్తాపపడే అవకాశం? ఏ తప్పూ చేయనివాడు ఏం చూసి క్షమాపణ చెబుతాడు పాపం!

ఆ చివర్లో, బిస్కెట్లు అయిపోవస్తుండగా, ఒక పిల్ల పేరు వచ్చింది. మా సంఘంలో ఆమెను అందరూ "తగిలిందమ్మ" అంటారు. ఎందుకంటారా? బ్యాడ్మింటన్ ఫైనల్లో ఎదుటి అమ్మాయి కొట్టిన షటిల్ గీత దాటి అవతల పడింది. అంపైర్ "అవుట్" అన్నాడు. ఆ పాయింటుతో మ్యాచ్ తగిలిందమ్మదే, శిబిరంలో చోటూ ఆమెదే. కానీ ఆ మహాతల్లి ఊరుకుందా? చెయ్యెత్తి, "నా రాకెట్టుకు తగిలిందండీ" అంది. అంపైర్ చూడలేదు, లైన్ దగ్గరున్నవాళ్ళు చూడలేదు, టీవీ కెమెరా అసలే లేదు. తగిలిన షటిల్ ఎక్కడ పడ్డా అవుట్ కాదు గనక పాయింటు అవతలికి పోయింది. వెనకే మ్యాచ్ పోయింది. దాని వెనకే చోటు!

"నిజం చెబితే అవార్డా?" అన్నారు అధ్యక్షులవారు. "ఎర్రలైటు దగ్గర ఆగిన ప్రతివాడికీ దండేసుకుంటూ పోతామా?"

"పైగా అంపైర్ మాటకు ఎదురు చెప్పింది" అన్నారు డాక్టరు గారు.

"ఓడిపోయినవాళ్ళ చేతిలో కప్పు పెడితే ఫొటో బాగా రాదండీ" అన్నాడు దుకాణదారు. "మొహం వేలాడేసుకుని ఉంటారు."

ఇంతలో తలుపు దగ్గర ఎవరో దగ్గారు. ఆ పిల్ల మేనమామ. కోచ్ కూడా ఆయనే. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఆ రోజు దాన్ని నేనే తిట్టానండి. నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేదే అన్నాను. అప్పట్నించి నా మొహం చూసి మాట్లాడట్లేదు. మీరా చోటు ఇస్తే... నేనన్నది తప్పని తేలిపోతుంది. అంతే" అని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

చూశారా విడ్డూరం! తన మాట తప్పని తేల్చమని అడుక్కునేవాణ్ణి నేను అదే మొదటిసారి చూడటం. కమిటీ ఆఖరి బిస్కెట్లు పంచుకుంది. ఆ పంపకంలో అధ్యక్షులవారికి జ్ఞానోదయం అయింది.

"అవునూ, ఆ మ్యాచ్‌లో ఇంకో అమ్మాయి కూడా ఉంది కదా! ఎదుటివాళ్ళు నిజాయితీగా ఇచ్చిన పాయింటును, వద్దనకుండా, చిన్నబుచ్చకుండా పుచ్చుకుంది. గెలుపును ఎంత హుందాగా భరించిందండీ!"

ఆహా! ఏకగ్రీవం! ఫైనల్ గెలిచినందుకు ఆ అమ్మాయికి శిబిరంలో ఒక చోటు ముందే ఉంది. ఇది రెండోది. ఒక మనిషి రెండు మంచాల మీద ఎలా పడుకుంటుందని అడగకండి. అవార్డు చోటు మరొకరికి బదిలీ చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు.

సభ ఘనంగా జరిగింది. చిన్నపిల్లను నిలబెట్టినంత కప్పు! గెలిచినమ్మాయి దాన్ని అందుకోకుండా తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళింది.

"ఇది నాది కాదండీ. షటిల్ తగిలిందని ఆ రోజు నాక్కూడా తెలీదు. తనే చెప్పింది. ఈ చోటు తనకిచ్చెయ్యండి. నాకెలాగూ ఒకటుంది."

అధ్యక్షులవారు లేచారు. మెల్లగా చెయ్యెత్తారు. పొరపాటైంది, మన్నించండి అంటారనుకున్నాను. నా పిచ్చి గానీ!

"చూశారా!" అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. "వచ్చిన కప్పునే వద్దంటోంది! కమిటీ ఎంపిక ఎంత సరైనదో ఇప్పటికైనా తెలిసిందా? అందుకే వచ్చే ఏడాది అవార్డు కూడా ఈమెకే ప్రకటిస్తున్నాను!"

చప్పట్లే చప్పట్లు. ఆ అమ్మాయి బిత్తరపోయి నిలబడింది. ఆఖరి వరసలో తగిలిందమ్మ కూడా లేచి నిలబడి ఆమె కోసం చప్పట్లు కొట్టింది. పక్కన మేనమామ చేతులు కదపలేదు. కదపడానికేముంది? ఆయన తప్పని తేల్చమని అడిగిన మాటే ఒప్పని, నోరు మూసుకున్నవాళ్ళదే చోటని, మా కమిటీ మైకు పెట్టి మరీ తేల్చింది.

బయట స్కూటర్ల దగ్గర వాళ్ళిద్దరూ నా పక్కనే ఉన్నారు. ఆయన తాళం చెవి వెతుక్కుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇంకోసారి ఇలాగే అయితే ఏం చేస్తావే?"

"చెయ్యెత్తుతా మావయ్యా."

ఆయన పిల్ల బ్యాగు తీసి తన భుజాన వేసుకున్నాడు.

విన్నారా? ఇలాంటి పిల్లకు అవార్డిచ్చి కొత్తగా బాగుచేసేది ఏముంది! మందు రోగికి ఇవ్వాలి గానీ, ఒంట్లో బాగున్నవాళ్ళకా? కాబట్టి నా ప్రతిపాదన ఒక్కటే. వచ్చే ఏడాదిది ఎలాగూ ఇచ్చేశారు గనక, ఆపై ఏడాది క్రీడాస్ఫూర్తి అవార్డు మా కమిటీకే ఇవ్వాలి. మాకన్నా అవసరమున్నవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

శిబిరంలో ఆ రెండో మంచం ఇంకా ఖాళీగానే ఉందట. ఇందులో తప్పేదైనా జరిగిందని అనిపిస్తే చెయ్యెత్తమని మా సభ్యులందరినీ అడిగి చూశాను.

ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు.