కొత్త కూలర్, పక్కింటి కన్ను

ఆ ఉదయం బుడాన్ వేసుకున్న పథకం చిన్నదే. మెకానిక్ మాలిక్ వచ్చి తన లారీకి కొత్త కూలర్ బిగిస్తాడు. మధ్యాహ్నానికి బండి కోల్డ్ స్టోరేజీకి పోయి, మిరపకాయల బస్తాలు ఎక్కించుకుని, సాలూరు ఘాట్ మీదుగా రాయపూర్ వెళుతుంది. ఈ లోడు వేళకు ఎక్కించుకున్న బండికే సీజను సరుకంతా ఇస్తానని షావుకారు మాటిచ్చాడు.

పక్కింటి రెబ్కాకు పొద్దున్నించీ అదే బాధ. ఆమె భర్త యేసుపాదానికీ లారీ ఉంది. పాతదే, కానీ ఉంది. లోడు దొరక్క చర్చి గోడ పక్కన కోళ్ళకు నీడనిస్తూ నిలబడి ఉంది. నిజానికి ఆ బండి వీధి మలుపు తిరిగిందంటే రెబ్కాకు ముద్ద దిగదు. ఎక్కడో బోల్తా పడినట్టే కళ్ళకు కడుతుంది. అయితే పక్కింటి బండి బయలుదేరి తమ బండి నిలబడిపోతే, ఆ ముద్ద నోటి దాకా కూడా రాదు.

ఆమె గోడ మీదుగా మెడ చాచి చూసింది. మాలిక్ రేడియేటర్ ముందు చిన్న జల్లెడలాంటి వస్తువు బిగించి, గొట్టాలు కలిపి, ఆయిల్ కారుతోందేమోనని వేలితో తడుముతున్నాడు.

"ఏంది మాలిక్, అది?"

"గేర్‌బాక్స్ కూలరమ్మా. ఈ బండికి గేర్లు వాటంతటవే పడతాయి గదా, ఘాట్ ఎక్కేటప్పుడు లోపల ఆయిల్ సలసలా కాగుద్ది. అది ఇక్కడికొచ్చి చల్లారుద్ది."

రెబ్కా గబగబా ఇంట్లోకి పోయి భర్తను లేపింది. "మనకూ అది పెట్టించు."

"మనది చేతి గేరే పిచ్చిదానా. దానికెందుకు?"

"ఈ ఎండల్లో నీకు ఆ మఫ్లరెందుకు?"

యేసుపాదం మఫ్లర్ సర్దుకుని అటు తిరిగి పడుకున్నాడు. రెబ్కా మళ్ళీ గోడ దగ్గరికొచ్చింది. మనసులో ఉన్నది దాచుకోలేక, "ఎంత బాగుందే జుబేదా! నిగనిగలాడిపోతోంది" అంది.

బుడాన్ భార్య జుబేదా చప్పున వచ్చి కూలర్‌కు అడ్డంగా నిలబడింది. రెబ్కా బాగుందన్న గేదె పాలు ఎగచేపిందని, బాగుందన్న సొరపాదు ఎండిపోయిందని వీధంతా చెప్పుకుంటారు. మాలిక్ అటు వెళ్ళగానే జుబేదా నల్ల కంబళి ముక్క తెచ్చి, నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి, కూలర్ ముందు వేలాడదీసింది. బుడాన్ బండిని రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. గేర్‌బాక్స్ వేడెక్కిందని ఎర్రలైటు వెలిగింది.

"చూశారా? అప్పుడే తగిలింది!" అంటూ జుబేదా పాత చెప్పులు, ఒక బూడిదగుమ్మడికాయ కూడా కట్టింది. మళ్ళీ తిప్పితే ఈసారి లైటుతో పాటు గంట కూడా మోగింది.

"రెబ్కక్కా, నీకు దండం పెడతా, ఇటు చూడబాకు!"

"నా కళ్ళు నా ఇష్టం! నీ బండి చెడితే తప్పు నా కళ్ళదా?"

పైకి అలా అరిచింది గాని, రెబ్కాకు లోలోపల కాస్త గర్వంగానే ఉంది. ఆమె చెబితే కోడి కూడా గూట్లోకి పోదు. అలాంటిది ఆమె చూస్తే లారీ వేడెక్కుతోంది! ఇంకోసారి చూసింది, తనివితీరా.

జుబేదా ఇక ఆగలేదు. గోనెపట్టా తెచ్చి, లారీ మూతి మొత్తం కప్పి, పురికొసతో బిగించి కట్టేసింది. "ఇప్పుడు చూసుకో!"

లోడు వేళ మించిపోతోందని బుడాన్ బిస్మిల్లా అనుకుని బండెక్కాడు. కోల్డ్ స్టోరేజీ దాకా వెళ్ళిన లారీ సరిగ్గా గేటుకు అడ్డంగా, పొగలు కక్కుతూ ఆగిపోయింది. వెనకాల ట్రాక్టర్లన్నీ హారన్లు కొట్టాయి. హమాలీలు దాన్ని పక్కకు నెట్టారు. షావుకారు తల పట్టుకుని యేసుపాదానికి ఫోన్ చేశాడు.

యేసుపాదం పరుగున పోయి లారీ ఎక్కాడు. "వస్తానే" అన్న మాట ఇంజను మోతలో సగమే వినపడింది. రెబ్కా చప్పట్లు కొట్టింది. బండి మలుపు తిరిగాక గుమ్మంలో కూలబడింది.

సాయంత్రం మాలిక్ బుడాన్ లారీని ఇంటికి లాగించుకొచ్చి, అందరి ముందూ గోనెపట్టా కోసి అవతల పారేశాడు. "కూలర్‌కు ముసుగేస్తే ఎట్లమ్మా? గాలి తగిలితేనే గదా చల్లారేది! ఏ కన్నూ లేదు, మన్నూ లేదు."

జుబేదా తల దించుకుంది. నిర్దోషి అని తేలినందుకు రెబ్కాకు ఏమంత సంతోషం కలగలేదు.

అంతలో యేసుపాదం ఫోన్ చేశాడు. "ఒసేయ్, సీజను లోడ్లన్నీ మనకేనంట! మిరప అయ్యాక పత్తి కూడా. మళ్ళీ నేను ఇంట్లో పడుకునేది వానలకే!"

"వానలెప్పుడొస్తాయయ్యా?" అంది రెబ్కా.

"నీకేం రెబ్కక్కా, మీ ఆయన సుడి తిరిగింది" అని గోడ అవతల జుబేదా నిట్టూర్చింది. "మా ఆయన చూడు, ఇంట్లోనే పడున్నాడు."

రెబ్కా చూసింది. బుడాన్ అరుగు మీద కూర్చుని వేడి వేడి అన్నంలో చేపల పులుసు కలుపుకుంటున్నాడు. ముల్లు జాగ్రత్తంటూ జుబేదా విసనకర్రతో విసురుతోంది.

ఆ సాయంత్రానికి రెండిళ్ళలోనూ అసూయ సరిసమానంగానే ఉంది. మొగుడు మాత్రం ఒక్కింట్లోనే ఉన్నాడు.