ఇంటికో వేషం

వేషాలు వేసే పిల్లలు లేని ఇంటికి కరెంటు కట్ చెయ్యాలి! ఈ మాట నేను చాలా బాధ్యతతో అంటున్నాను.

మా అమ్మాయినే తీసుకోండి. కాలేజీలో రెండో ఏడు. వారానికో వేషం కట్టి, మా వీధి చివర కాఫీ షాపు మేడమీద హాల్లో స్టేజీ ఎక్కుతుంది. ఎందుకే ఇదంతా అంటే, "నేనెవరో చూసుకుంటున్నా నాన్నా" అంటుంది. ఐడీ కార్డులో రాసే ఉంది కదా అన్నాను. జాలిగా చూసింది.

లాభాలు మీరే చూడండి. కన్నది ఒక్కదాన్ని, ఇంట్లో తిరిగేది పదిమంది! మొన్నామధ్య రక్తపిశాచి వెళ్లి తలుపు తీసింది. ఇన్సూరెన్స్ ఏజెంటు మెట్లు దిగిన వేగానికి అతని చెప్పు ఒకటి ఇప్పటికీ మా గుమ్మంలోనే ఉంది.

ఆ తర్వాత జడ్జి. గీజర్ ఆపకుండా వచ్చేది ఎవరన్న విషయంలో నాకూ మా ఆవిడకూ పెళ్లయిన దగ్గర్నుంచీ నడుస్తున్న కేసు. నల్లకోటు తగిలించుకుని అన్నం తింటూ తీర్పు చెప్పేసింది. నేను ఓడిపోయాను. అప్పీలు చేసుకుందామని వెళ్తే, అప్పటికే కోర్టువారు మేకప్ తుడుచుకుంటున్నారు!

వ్యోమగామి ఉన్న వారమైతే హెల్మెట్ తియ్యకుండా స్ట్రాతోనే భోంచేసింది. ఇల్లంతా ఎంత ప్రశాంతంగా ఉందో!

ఇంతవరకూ బాగానే ఉందా? కిందటి శనివారం నా వేషం వేసింది.

నా గళ్ల చొక్కా, నా పాత కళ్లజోడు, అంటించుకున్న మీసం. స్టేజీ మీద కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ, ఎవరేం అడిగినా "ఊఁ" అంది. హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆవిడే!

అప్పుడు ఆ దొంగ నాన్న ఫోన్ పక్కన పెట్టాడు. అద్దం ముందుకెళ్లి, ఎవరూ చూడట్లేదు కదా అని అటూ ఇటూ చూసుకుని, గొడుగు తీసి కత్తిలా ఝళిపించాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. గది తలుపు గడియ పెట్టుకునే కదా నేనది చేసేది! దీనికెలా తెలిసింది?

ఇంటికొచ్చాక మా ఆవిడ టీ కప్పు అంటించిన మీసమున్న మనిషికి అందించి, నావైపు తిరిగి "ఇంతకీ తమరెవరండీ?" అంది. వేళాకోళమే లెండి. కానీ నా నోట్లోంచి వచ్చిన జవాబు, "సీనియర్ అసిస్టెంట్, బిల్లింగ్ సెక్షన్, కరెంటాఫీసు." యాభై దాటిన మనిషికి ఇంకో ముక్క తట్టకపోవడమేమిటండీ! నిజంగా ఏడుపొచ్చింది.

అమ్మాయి మీసం పీకేసి నా పక్కన కూర్చుంది.

"నాన్నా, వచ్చే శనివారం మాకో రాక్షసుడు తక్కువయ్యాడు. వస్తావా?"

"ఆఫీసువాళ్లెవరైనా చూస్తే?"

"చూడనీ. నిన్నెవరు గుర్తుపడతారు?"

అందుచేత పాఠకమహాశయులారా, ఈ కాలపు పిల్లల మీద నాకూ ఒక ఫిర్యాదుంది. వేషాలన్నీ వాళ్ల కొలతలకే చేయించుకుంటున్నారు! నిన్నంతా తిరిగాను. ఈ బట్టతలకు సరిపోయే కొమ్ములు ఒక్క షాపులోనూ లేవు!