రాహేలుకు పద్నాలుగురు మార్గదర్శులు

వెయ్యిన్నీ తొమ్మిది వందల డెబ్బై ఏడు నవంబరు పందొమ్మిది, శనివారం నాడు దివిసీమలోని తన ఊళ్లో ఉప్పెనకు రాహేలు పోగొట్టుకున్న వాటి వివరాలు బందరులో ఆమె చదివే కాలేజీలో భద్రంగా ఉన్నాయి. సాయం కోసం పెట్టిన దరఖాస్తు ఫారంలో పుస్తకాలకు ఒక గడి, దుస్తులకు ఒక గడి, వంట సామానుకు ఒక గడి ఉన్నాయి. తల్లికీ తమ్ముడికీ గడులు లేవు. గుమాస్తా దయగల మనిషి. ‘ఇతరములు’ అన్న చోట ఇద్దరినీ రాయించాడు.

నెలన్నర తరవాత రాహేలు హాస్టలుకు తిరిగి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం. ఏప్రిల్లో పరీక్షలు. అర్థశాస్త్రంలో పన్నెండు పాఠాలుంటే ఉప్పెనకు ముందు ఆరు అయ్యాయి, తక్కిన ఆరూ ఆమె లేనప్పుడు అయిపోయాయి. అవి వస్తే పాసవుతుంది, పాసైతే టీచరు ట్రైనింగులో చేరుతుంది. తప్పితే హాస్టలు ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేసి ఎక్కడికి వెళ్లాలో ఆమెకు తెలియదు.

సరిగ్గా ఆ సమయానికే కాలేజీలో సేవాభావం పొంగింది. ‘తోటి విద్యార్థినికి తోడు’ అని ఒక పథకం ప్రారంభమైంది. నలభై రెండు మంది సీనియర్లు మార్గదర్శులుగా పేర్లిచ్చారు. బాధితులు మాత్రం ముగ్గురే దొరికారు. ఈ విషయంలో కాలేజీకి దివిసీమ తగినంతగా సహకరించలేదనే చెప్పాలి. ఉన్నవాళ్లనే సర్దుకోగా ఒక్కొక్కరికి పద్నాలుగురు వచ్చారు. ఉదయం ఒకరు, సాయంత్రం ఒకరు. వారానికి సరిగ్గా సరిపోయారు.

లైబ్రరీలో ఉన్న అర్థశాస్త్రం పుస్తకాలన్నీ మార్గదర్శులకే ఇచ్చారు. క్లాసు పిల్లలు తమ పుస్తకం ఇద్దామనుకున్నారు గాని, అంతమంది పెద్దవాళ్లు చూసుకుంటుంటే మధ్యలో మనమెందుకని మానుకున్నారు.

పద్నాలుగురూ మొదటి పాఠంతోనే మొదలుపెట్టారు. మానవుని కోరికలు అనంతం, వాటిని తీర్చే సాధనాలు పరిమితం. రాహేలు ఈ సత్యాన్ని జనవరిలో తొమ్మిదిసార్లు, ఫిబ్రవరిలో పదకొండుసార్లు విన్నది.

మార్గదర్శుల్లో అగ్రగణ్యురాలు అరుణకుమారి. గుడివాడ దగ్గర పెద్ద రైతు కూతురు, బి.ఎస్సీ. చివరి సంవత్సరం, సేవంటే ప్రాణం. ఒకనాడు రాహేలు ధైర్యం చేసింది.

“మొదటిది వచ్చక్కా. ఏడోది చెప్పండక్కా.”

“వస్తే రానీలే. నేను నింపే పథకం ఫారంలో నీకింకా ఏమీ రాదు. రాకపోతేనే గదా నేను నేర్పినట్టు?”

“పోనీ ఆ పుస్తకం రెండ్రోజులు ఇస్తారా? నేనే చదువుకుంటాను.”

అరుణకుమారి నొచ్చుకుంది. “పుస్తకమే ఇచ్చేస్తే ఇంక మేమెందుకే? నీ అంతట నువ్వు చదువుకుంటే అది మా సేవ కిందకి రాదమ్మాయ్.”

అయితే రాహేలుకు రాత పని బాగానే దొరికింది. ఆమె దస్తూరీ గుండ్రంగా ఉంటుందని పద్నాలుగురూ ప్రగతి నివేదికలు ఆమె చేతే రాయించారు. ‘రాహేలు అద్భుతమైన ప్రగతి సాధించినది’ అని ఆమె పద్నాలుగుసార్లు, ఒక్క తప్పు లేకుండా రాసింది.

హాస్టల్లో వంట చేసే జైతూన్ బీ మాత్రం చదువుకోని మనిషి. “పద్నాలుగు చేతులు పడితే ఆ చారు ఏమవుద్దో నాకు తెలుసు తల్లీ. ముందు కూర్చుని తిను,” అన్నది.

మార్చిలో గుడివాడలో సన్మానసభ. ఆ రోజే క్లాసులో చివరి ఆరు పాఠాలూ తిరగేస్తున్నారు. రాహేలు ఆగిపోతానన్నది. బాధితురాలు లేకుండా సభ ఎలా అని బస్సెక్కించారు. మార్గదర్శులకు పెడన కలంకారీ శాలువాలు కప్పారు. ప్రిన్సిపాల్ సీతామహాలక్ష్మి గారు ప్రసంగించారు. “ఒక్క విద్యార్థినికి పద్నాలుగురు గురువులు. సోదరీ సోదరులారా, ఇంతటి నిష్పత్తి పురాణాల్లోనైనా ఉందా అని సవినయంగా అడుగుతున్నాను.”

తరవాత రాహేలును రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె మైకు దగ్గరకు వచ్చి, “అందరికీ దండాలండీ. ఏడో పాఠం ఎవరన్నా చెప్తారా అండీ,” అన్నది.

ఆమె జ్ఞానతృష్ణకు సభ పులకించింది. ముందు వరసలో అర్థశాస్త్రం చెప్పే మాస్టార్లు నలుగురున్నారు. వెనక మనమంతా ఉన్నాం. చాలాసేపు చప్పట్లు కొట్టాం.

పథకం వచ్చే ఏడాది కూడా కొనసాగుతుంది. అరవై మంది ఇప్పటికే పేర్లిచ్చారు. బాధితుల కొరత గురించి పైవారికి రాయాలని తీర్మానించారు.

పరీక్ష ఏప్రిల్ మొదటి వారంలో. ఏడో పాఠం ఇంకా ఎవరూ చెప్పలేదు.