తాతబ్బాయిగారి కట్టర్లు

తాతబ్బాయి హిందీ మాట్లాడే ఊళ్ళో స్టీల్ ప్లాంటు ప్లేట్ మిల్లు ఫోర్‌మన్‌గా రిటైరై, అక్కడే కోహ్కాలోని సొంతింట్లో కాళ్ళు చాపుకున్న మర్నాటి నుంచే ఆ ఇంటి వంటగదిలో ఇన్‌స్పెక్షన్ మొదలైంది. దోసె అంచు పల్చన, నడుము మందం అన్నాడు. కుక్కర్ విజిల్‌కీ విజిల్‌కీ మధ్య ఎడం సమంగా లేదన్నాడు. వంకాయ ముక్కలు ఒకే సైజులో లేవని మొత్తం బ్యాచిని తిరస్కరించాడు.

భార్య కనకలత కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు అట్లకాడ అతని చేతికిచ్చి, "ఏటండీ, షిఫ్టు మీరు దిగుతారా, నన్ను దిగమంటారా?" అని అడిగింది.

తాతబ్బాయే దిగాడు. దిగి, వెనక వరండాలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మిల్లులో అతను చెయ్యెత్తితే క్రేను ఆగేది. ఇంట్లో చెయ్యెత్తితే కనకలత, "ఏటి, చంక నొప్పా?" అని అడిగేది.

అలా కూర్చునీ కూర్చునీ ఉన్న మనిషి కంట్లో, ఫోన్‌లో ఒక మిషను పడింది. చెక్క కోస్తుంది, చిత్రిక పడుతుంది, బెజ్జాలు వేస్తుంది, గాడి తీస్తుంది, అంచులకి నగిషీ కూడా చెక్కుతుంది. దాన్ని చూశాక అతనికి అన్నం సయించలేదు. సరదాకి కావాలంటే కనకలత కొననివ్వదు. ఆమె కోసమే కొంటున్నట్టు చెప్పాలి.

"వంటింటి అలమర తలుపులు పాతబడిపోయాయి కదా. నీకు టేకు తలుపులు నేనే చేసిపెడదామనుకుంటన్నాను," అన్నాడు, ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతూ.

"దానికి మిషనెందుకండీ? వడ్రంగి లేడా?"

"వడ్రంగికి నీ మీద ప్రేమ ఉంటాదా?"

కనకలత అతన్ని ఎగాదిగా చూసింది. "ఉంటే బాగోదు లెండి. సరే, తెచ్చీండి," అంది.

ఇంత సులువుగా ఒప్పుకుందేమిటని అనుమానించాల్సిన మనిషి, తన తెలివికి తానే మురిసిపోయి ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకున్నాడు.

మిషను వచ్చింది. వరండా అంతా అదే అయింది. బట్టలు ఆరేసే తాడు మేడ మీదికి వలస పోయింది. ఐదు పనులు చేస్తుంది కాబట్టి కనకలత దానికి పంచముఖి అని పేరు పెట్టి, మోటారుకి బొట్టు పెట్టింది.

పంచముఖి నాలుగు ముఖాలూ బుద్ధిగానే ఉన్నాయి. ఏడిపించింది ఐదోది. దాన్ని షేపర్ అంటారు. బల్ల మధ్య నుంచి ఒక ఉక్కు కడ్డీ నిలువుగా పైకి వస్తుంది. దానికి పళ్ళున్న కట్టర్ తొడిగి తిప్పితే, పక్కన తోసిన చెక్క అంచు ఆ ఆకారానికి చెక్కుకుంటూ పోతుంది. ఏ ఆకారం కావాలంటే ఆ కట్టర్ కొనుక్కోవాలి. తాతబ్బాయి సుపేలా బజారుకి బయల్దేరాడు.

"కౌన్సా కట్టర్, అంకుల్?" అన్నాడు దుకాణదారు.

"అచ్ఛావాలా."

"అచ్ఛావాలా తో సబ్ హై. బోర్ కిత్‌నా?"

మంచివి అన్నీనట, బోర్ ఎంత కావాలట. బోర్ అంటే కట్టర్ మధ్య బెజ్జం. అది కడ్డీకి సరిపోవాలి. ఉద్యోగం పొడుగునా ఉక్కు పలకల మందం కొలిచిన తాతబ్బాయి, తన ఇంట్లో కడ్డీ కొలవడం మరిచిపోయాడు. బొటనవేలు చూపించి, "ఇత్‌నా," అన్నాడు. దుకాణదారు ఆ వేలిని గౌరవంగా పరిశీలించి ఒక కట్టర్ ఇచ్చాడు. ఇంటికొచ్చి తొడిగితే అది పసిపిల్ల చేతికి అమ్మమ్మ గాజులా వేలాడింది.

ఈసారి కడ్డీ కొలుచుకుని వెళ్ళి, సరిపోయేది తెచ్చాడు. గుండ్రటి అంచు తీసే కట్టర్ అది. పాత తలుపులన్నీ ఊడదీసి, వాటినే ముక్కలు కోసి, ఆ ముక్కల మీద చేయి సాధన చేశాడు. అంచు నున్నగా వచ్చింది. పట్టుకెళ్ళి కనకలతకి చూపించాడు.

"బాగున్నాది గానీ, మరీ బోడిగా లేదూ? అలలా వంకీ తిరిగుంటే కళగా ఉంటాది," అంది.

వంకీ తీసే కట్టర్ తెచ్చాడు.

"వంకీలో తాలింపు జిడ్డు పట్టీస్తాదేమో. మెట్లు మెట్లుగా ఉంటే తుడుచుకోడం సులువు."

మెట్ల కట్టర్ తెచ్చాడు.

"మెట్లయితే బొద్దింకలెక్కుతాయట. వెనక వీధి రజనీకుమారి చెప్పింది."

"బొద్దింకలకి మెట్లు కావాలేటే? గోడలెక్కుతాయి అవి!"

"ఎక్కుతాయి. మనం సాయం చెయ్యడం ఎందుకని!"

వరండా గూట్లో కట్టర్లు పెరిగాయి. వంటింట్లో అలమరలు మాత్రం తలుపుల్లేకుండా, పోపుల డబ్బా దగ్గర్నుంచి అడుగు మాడిన మూకుడు దాకా వీధికి చూపించుకుంటూ నిలబడ్డాయి. ఉప్మాలో జీడిపప్పనుకుని కొరికినది చెక్క పేడు అయింది.

ఇక ఆకారం సంగతి తనకే వదిలెయ్యమని తాతబ్బాయి ఖండితంగా చెప్పి, తలుపు చట్రం మొదలుపెట్టాడు. నిలువు చెక్కకీ అడ్డ చెక్కకీ రెండు కట్టర్లు జతగా ఉండాలి. ఒకటి గుంట తీస్తే, ఇంకొకటి అందులో కూర్చునే బుడిపె తియ్యాలి. ఆ జత చూసి కొనాలని అతనికి తట్టలేదు. తెచ్చిన రెండూ బుడిపెలే తీశాయి. చెక్కలు రెండూ ఎదురెదురుగా, మాటల్లేని తోడికోడళ్ళలా మూతులు పొడుచుకుని నిలబడ్డాయి.

ఆ కోపంలో ఇంకో చెక్క తీసుకుని, కట్టర్ తిరిగే వైపుకే తోశాడు. ఎదురు తొయ్యాలి దాన్ని. కట్టర్ చెక్కని లాక్కుని విసిరింది. అది ప్రహరీ దాటి మాయమైంది. కాసేపటికి పక్కింటి లలితాంబ దాన్ని గోడ మీదుగా అందించింది. "మీ తలుపు మా వడియాల మీద నడిచీసిందండీ," అంది మర్యాదగా.

తాతబ్బాయి స్విచ్చి ఆపి, మిషను పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. చెమటకి పొట్టు అంటుకుని ఒళ్ళంతా రవ్వలడ్డూలా ఉన్నాడు. కనకలత మంచినీళ్ళు తెచ్చింది.

"నా వల్ల కాదు కనకం," అన్నాడు. "మిల్లులో అంత ఉక్కు నా మాట విన్నాది. ఇక్కడ చిన్న చెక్క వినడంలేదు. ఆ ఉక్కు కూడా నా మాట విన్లేదేమో. నా కిందోళ్ళు పని చేసుకుపోతుంటే నేనూరికే చెయ్యెత్తేనేమో."

కనకలత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనే కూర్చుని, అతని భుజం మీది పొట్టు కొంగుతో దులిపింది.

"మిషను అమ్మీస్తాను. రేపట్నుంచి వంటింట్లోనే ఉంటాను. నీకు సాయం చేస్తాను," అన్నాడు.

కొంగు ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళూ అక్కడికక్కడే ఆరిపోయాయి.

మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు ఒక టెంపో ఆగింది. కుమ్హారిలోని వడ్రంగం వర్క్‌షాపు నుంచి మనిషి దిగాడు.

"దీదీ, దర్వాజే లాయా హూఁ. ఆప్ రోకే రఖీ థీ, నహీఁ తో కబ్‌కా దే దేతా," అన్నాడు. తలుపులు తెచ్చాడట, ఆమె ఆపించకపోతే ఎప్పుడో ఇచ్చేసేవాడట.

తాతబ్బాయి చాయ్ తాగడం పూర్తయ్యేలోగా అలమరలకి తలుపులు బిగిసిపోయాయి. నగిషీ లేదు, వంకీ లేదు. సాదా తలుపులు, టక్కున మూసుకుంటున్నాయి.

"ఇవెప్పుడు చెయ్యమని చెప్పేవు?"

"మీరు పాతవి ఊడదీసిన రోజే."

"చెప్పి, ఎందుకాపించేవు? మరి నన్నెందుకు వంకీలనీ మెట్లనీ బజారు చుట్టూ తిప్పేవు?"

"తిరుగుతారనే తిప్పేను," అంది కనకలత. "గోడకేసి అలాగ చూసుకుంటూ కూర్చుంటే నాకు భయమేసీది. పోనీ వంటింట్లోకొస్తే వంట సాగదు. ఆ కట్టర్లొచ్చేకే కదండీ, అడిగి అన్నం పెట్టించుకుంటన్నారు. నిద్దరోతన్నారు. ఆ దుకాణపోడిని తిట్టడానికైనా నోరిప్పుతున్నారు. తలుపులైపోతే మళ్ళీ గోడే కదా. అందుకే అవ్వనివ్వలేదు."

తాతబ్బాయికి కోపం రావాలి. వచ్చింది కూడా. దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక చాయ్ గ్లాసు మీద చూపించి, గ్లాసుని గట్టిగా కింద పెట్టాడు.

"తెలివైనదానివే. తలుపులొచ్చీసేయి కదా, ఇంక మిషను..."

"అమ్మడమేటండీ! ఇవి తెప్పించే ముందే, రజనీకుమారి పూజగదికి తలుపులు మీరు చేస్తారని మాటిచ్చీసేను."

అంతలో ఫోను మోగింది. రజనీకుమారే.

"అన్నయ్యగారూ, మా ఆయన గుండ్రం అంచంటన్నారు. నేను వంకీ అంటన్నాను. మా అత్తగారు అంచంతా చిన్న చిన్న గంటలుండాలంటన్నారు. మీ దగ్గర అన్ని రకాల కట్టర్లూ ఉన్నాయని వదిన చెప్పింది. ఏది బాగుంటాదంటారు?"

తాతబ్బాయి సాయం కోసం వంటగది వైపు తిరిగాడు. లోపల్నుంచి గడియ పడిన చప్పుడైంది. వెనకే పోపు చిటపటలాడింది.

"గంటలకి వేరే కట్టర్ కొనాలమ్మా," అన్నాడు నీరసంగా, చెప్పులు వెతుక్కుంటూ.