కప్పల సాక్ష్యం

పిచికారీ బాబాయ్ ఆ ఉదయం పెట్టుకున్న పనులు రెండే. లాయరమ్మగారి ఇంట్లో నెలనెలా కొట్టే మందు కొట్టాలి, దారిలో పెంపుడు జంతువుల దుకాణంలో పురుగులు కొనాలి. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో పురుగులను చంపడం ఆయన ఉద్యోగం. సొంతింట్లో మూడు చెట్టుకప్పలకు పురుగులను తినిపించడం ఆయన భార్య ముచ్చట. పని నుంచి వచ్చాక స్నానం చేయనిదే కప్పల గాజుపెట్టె దరిదాపులకు రాకూడదన్న షరతు మీద సంసారం సాఫీగానే సాగుతోంది.

"ఎప్పుడూ కీచురాళ్ళేనా? వాటికి మాత్రం మొహం మొత్తదూ?" అంది భార్య. "ఇవాళ మైనపు పురుగులు, చిన్న బొద్దింకలు కూడా తీసుకురండి."

"మనకి మూడు రోజుల్నించీ సొరకాయేగా!"

"మనం కప్పలం కాదుగా!"

ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు.

దుకాణం పొద్దున్నే తెరిచారు కదా అని ముందు పురుగులే కొన్నాడు. మూడు డబ్బాలు. ఎండలో బండిలో వదిలేస్తే చచ్చిపోతాయని పనిముట్ల సంచిలో పెట్టుకుని లాయరమ్మ వంటింట్లోకి వెళ్ళాడు. టార్చిలైటు కోసం సంచి తెరవగానే బొద్దింకల డబ్బా ఆవిడ కంట పడింది.

"ఏంటివి?"

"బొద్దింకలండీ."

"అది కనిపిస్తూనే ఉంది. మీ సంచిలో ఎందుకున్నాయి?"

"కప్పలకండీ."

"కప్పలెక్కడున్నాయి?"

"మా ఇంట్లోనండీ."

లాయరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "అంటే మీరే తెచ్చి వదిలి, మీరే మందు కొడతారన్నమాట!"

"అయ్యో, అలాంటిదేం లేదండీ!" అని రెండు చేతులూ ఊపడంలో బాబాయ్ మోచెయ్యి తగిలి కీచురాళ్ళ డబ్బా కింద పడి మూత ఊడింది. డజను కీచురాళ్ళు నేలంతా గెంతుతూ పరుగందుకున్నాయి.

"చూస్తారేం, మందు కొట్టండి!"

"మందు మాత్రం వద్దండీ, మీకు దణ్ణం పెడతాను!" అంటూ బాబాయ్ గిన్నె పట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ వాటి వెంట పడ్డాడు. మందు కొట్టేవాడే మందు వద్దనడంతో ఆవిడ అనుమానం కాస్తా నమ్మకమైపోయింది. వెంటనే వాళ్ళ సంస్థ మేనేజరుకు ఫోన్ చేసింది.

మేనేజరు వచ్చేసరికి బాబాయ్ పొయ్యిగట్టు కింద తల దూర్చి, "రామ్మా, బయటికి రా" అని బతిమాలుతున్నాడు.

"ఏంటయ్యా ఇది? ఈ క్షణం నుంచి నీ ఉద్యోగం..."

"సార్, ఒక్క నిమిషం! మా ఆవిణ్ణి పిలుస్తాను. కప్పల్ని కళ్ళారా చూడండి."

భార్య గాలి రంధ్రాలున్న పెట్టెతో ఆదరాబాదరా ఆటో దిగింది. లాయరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని, "చూపించండి" అంది. మూత తీస్తే మూడు కప్పలూ ఆకుపచ్చటి గులకరాళ్ళలా నిద్రపోతున్నాయి.

"ఇవి బొమ్మలు కాదని నమ్మకమేంటి?" అన్నాడు మేనేజరు.

ఆ మాట పూర్తవుతుండగానే ఒక కీచురాయి ఆయన చొక్కా ఎక్కింది. ఒక కప్ప కళ్ళు తెరిచింది. మరుక్షణం అది ఎగిరి ఆయన జేబుకు అతుక్కుంది.

"కదలకండి!" భార్య అరిచింది. "మందు చేతులతో దాన్ని ముట్టుకోకండి!"

లాయరు ఎదుట మేనేజరు చేతులు పైకెత్తి నిలబడ్డాడు. కప్ప నోరు తెరిచేలోపు భార్య కీచురాయిని కొంగుతో కిందికి విదిలించింది.

"ఆకలేసి ఎగిరిందిగా, తిననివ్వొచ్చుగా!" అంది లాయరమ్మ, జాలిగా.

"ఈ నేల మీద తిరిగిందా? చచ్చినా పెట్టను! పోయిన నెల మా ఆయన మందు కొట్టిన ఇల్లండీ ఇది. ఆయన కొట్టాక పురుగన్నది బతుకుతుందా?"

కిందపడ్డ కీచురాయి నాలుగడుగులు వేసి, తూలి, వెల్లకిలా పడింది. లాయరమ్మ టార్చిలైటు అందుకుని వంగి చూసింది. పొయ్యిగట్టు కింద మిగతావన్నీ వరసగా కాళ్ళు పైకెత్తి ఉన్నాయి. అంతసేపు వాటి ప్రాణాల కోసం పాకులాడిన బాబాయ్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

లాయరమ్మ లేచి నిలబడింది. "మేనేజరుగారూ, వచ్చే ఏడాదికి కూడా ఈయన్నే పంపించండి. వేరేవాళ్ళు వస్తే నేను తలుపు తియ్యను."

"అసలు మా సంస్థలో ఈయన్ని మించినవాడు లేడు మేడం. నేను మొదట్నించీ అంటున్నదే అది," అన్నాడు మేనేజరు, చేతులు ఇంకా దించకుండానే.

మర్నాడు సంస్థ నియమాల్లో ఒక వాక్యం కొత్తగా చేరింది: "సిబ్బంది తమ వెంట పురుగులను తీసుకువెళ్ళరాదు." కొత్తగా చేరినవాళ్ళు అది చదివి, ఇది కూడా చెప్పాలా అని నవ్వుకుంటారు.